రాయి ఊడిపోతే జిగురును తిట్టకండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఫొటోలు పెద్దవి చేసి మరీ చూశాను. ఇప్పుడే చూస్తున్నవాళ్ళ కోసం సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. మీరు ఎనిమిదేళ్ళుగా బ్లౌజులకు మగ్గం వర్క్ చేస్తున్నారు, ఆర్నెల్ల కిందట పూసల నగలు మొదలుపెట్టారు. 14 మి.మీ. రివోలీ రాళ్ళతో (రెండు వైపులా మొన ఉండే గుండ్రటి రాళ్ళు) చేసిన దిద్దుల్లో రాయి ఒక పక్కకి ఒరిగి జారిపోతోంది. నీలం మెరుపుండే లాబ్రడోరైట్ కాబోషన్‌తో (అడుగు చదునైన నున్నటి రాయి) చేసిన లాకెట్ నెల తిరక్కుండానే వెనక్కి వచ్చింది. రాయి ఒక కవర్లో, పూసలు ఒక కవర్లో పెట్టి ఇచ్చారట కొన్నావిడ. మూడు రకాల జిగుర్లు మార్చి చూశారు. "అసలు ఏ జిగురు వాడాలండీ?" అని అడిగారు.

ఏ జిగురైనా ఒకటేనండి. రాయిని పట్టుకోవాల్సింది జిగురు కాదు, రాయి చుట్టూ కట్టే పూసల గోడ. ఆ గోడ సరిగ్గా లేనప్పుడు ఎంత ఖరీదైన జిగురు పెట్టినా కొన్నాళ్ళు వాయిదా వేయడమే.

ఈ మాట పుస్తకాల్లో చదివి చెప్పట్లేదు. మొదట్లో మా ఆడపడుచు కూతురి పెళ్ళికి నల్ల ఓనిక్స్ రాళ్ళతో ఒక సెట్ చేసిచ్చాను. టైము లేదని సూపర్ గ్లూతో అతికించి చుట్టూ ఒకే ఒక్క వరస పూసలు కుట్టాను. తెల్లారి చూస్తే నల్లరాయి అంచున విభూది రాసినట్టు తెల్లటి పొర. ఆ జిగురు ఆవిరి అలా పేరుకుంటుందని అప్పటికి తెలీదు. ఎలాగో తుడిచి పంపించాను. పెళ్ళిలో తలంబ్రాలప్పుడు పిల్ల ఎడమ దిద్దులో రాయి కాస్తా బియ్యంలో పడింది. వీడియోలో ఇప్పటికీ ఉంది, అందరూ పెళ్ళికూతుర్ని చూస్తుంటే నేనొక్కదాన్నే పళ్ళెంలో వెతుక్కుంటూ.

మనవాళ్ళు నగలో రాళ్ళు "పొదుగుతారు", "అతికించరు". కుందన్ పనిలో మెత్తటి మేలిమి బంగారు రేకుని రాయి చుట్టూ ఒత్తి, ఆ ఒత్తిడితోనే రాయిని నిలబెడతారు. చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసేచోట ఒక పది నిమిషాలు నిలబడి చూడండి. వేడికి మెత్తబడిన లక్కలోకి రాయిని నొక్కగానే అంచున లక్క కాస్త పైకి లేచి రాయి నడుముని పట్టేసుకుంటుంది. పూసల పనిలో మనం దారంతో, పూసలతో చేయాల్సింది అదే. రాయి నడుము కంటే గోడ నోరు చిన్నదిగా ఉండాలి. అంతే, ఇక రాయి ఎక్కడికీ పోదు.

ముందు రివోలీ సంగతి చూద్దాం, మీ తప్పు అక్కడ తేలిగ్గా కనిపిస్తోంది. రివోలీకి ముందూ వెనకా రెండు వైపులా మొన ఉంటుంది, అంచు పల్చగా ఉంటుంది. వెనక మొనకు జిగురు రాసి దేనికైనా అతికిస్తే ఆనేది చుక్కంత చోటు. అందుకే ఒరుగుతోంది. దీనికి జిగురే అక్కర్లేదు, పూసలతో గిన్నె కట్టి అందులో కూర్చోబెట్టాలి.

14 మి.మీ. రాయికి లెక్క ఇలా. 11/0 సైజు డెలికా పూసలు (ఒకే కొలతలో వచ్చే చిన్న జపాన్ పూసలు) 36 గుచ్చి, ఒక జానెడు దారం వదిలి, గుండ్రంగా కలపండి. ఈ 36 పూసలే మొదటి రెండు వరసలు అవుతాయి. మూడో వరస పెయోటీ కుట్టుతో, అంటే ఒక పూస వదిలి ఒక పూసలోంచి వెళ్తూ, 18 డెలికాలు వేయండి. వరస పూర్తవగానే ఆ వరసలో వేసిన మొదటి పూసలోంచి కూడా సూది తీసి పైకి ఎక్కాలి. మీ రెండో ఫొటోలో ఒకచోట వరస మెట్టులా జారింది చూడండి, అక్కడ ఈ ఎక్కడం మర్చిపోయారు. తర్వాత ఇంకా చిన్నవైన 15/0 పూసలతో రెండు వరసలు, దారం బిగించి లాగుతూ. అప్పుడు రింగు దానంతటదే గిన్నెలా ముడుచుకుంటుంది. రాయి వెనక వైపు ఆ గిన్నెలోకి వెళ్ళేలా పెట్టి బొటనవేలితో నొక్కి పట్టుకోండి. సూదిని డెలికాల్లోంచి ఏటవాలుగా నడిపించి అవతలి అంచుకి తెచ్చి, అక్కడ కూడా 15/0తో రెండు వరసలు. చివరి వరసలో దారం లాగినప్పుడు రాయి "టిక్" మని సర్దుకుంటుంది. ఆ చప్పుడు అలవాటయ్యాక కళ్ళు మూసుకుని కూడా చేయొచ్చు. పని అయ్యాక చెవి దగ్గర పెట్టుకుని ఊపండి. లోపల గలగల అంటే గిన్నె వదులు, విప్పి మళ్ళీ కట్టడమే మంచిది.

వేరే సైజు రాయి దొరికితే వీడియో కోసం వెతకక్కర్లేదు. రాయి వ్యాసాన్ని 3.14తో హెచ్చవేయండి, దాన్ని 1.3తో భాగించండి. డెలికా పొడవు సుమారుగా అంతే, 1.3 మి.మీ. వచ్చినదానికి రెండు కలిపి సరి సంఖ్యకు తీసుకురండి. 18 మి.మీ. రాయికి ఇలా 46 వస్తుంది. సరి సంఖ్య తప్పనిసరి, బేసి వస్తే వరసలు కలవవు.

ఇక్కడే మీ అసలు తిప్పలు. మీరు వాడినవి మగ్గానికి వాడే షుగర్ బీడ్స్. వాటిని తక్కువ చేయట్లేదు, నా దగ్గరా డబ్బాలకొద్దీ ఉన్నాయి. కానీ ఒకే పొట్లంలో ఒకటి లావు, ఒకటి సన్నం, ఒకటి పొట్టి. బ్లౌజు మీద ఆ తేడా పట్టింపు కాదు, పైగా కొంచెం హెచ్చుతగ్గులుంటేనే అందం. గిన్నె కట్టేటప్పుడు మాత్రం 36 పూసలు వేస్తే ఒకసారి 13 మి.మీ. రింగు, ఒకసారి 15 మి.మీ. రింగు వస్తుంది. రాయిని పట్టుకునే వరసలకి మటుకు జపాన్ పూసలు కొనండి. మియుకీ వాళ్ళ డెలికాలు ఉన్నాయి, తోహో వాళ్ళ పూసలూ ఉన్నాయి. పది గ్రాముల పొట్లంతో చాలా జతలు వస్తాయి. చుట్టూ అలంకారానికి, కింద వేలాడే కుచ్చులకి మీ షుగర్ బీడ్సే వాడుకోండి, ఖర్చు తగ్గుతుంది.

పూసల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలనిపిస్తోంది. శ్రీకాళహస్తి, రేణిగుంటల మధ్య ఏర్పేడు మండలంలో పాపానాయుడుపేట అనే ఊరు ఉంది. కరిగిన గాజుముద్దని ఇనప గొట్టానికి పట్టించి, కొలిమిలోంచి సన్నటి గొట్టంలా బారలకొద్దీ లాగి, ముక్కలు కోసి, మళ్ళీ వేడిలో అంచులు నున్నగా చేసి పూసలు తయారుచేసే పద్ధతి అక్కడ తరతరాలుగా నడిచింది. పుదుచ్చేరి పక్కన అరికమేడు తవ్వకాల్లో దొరికిన పాత గాజు పూసలు కూడా చాలావరకు ఇలా లాగినవే. షుగర్ బీడ్స్‌లో ఒకటి లావు, ఒకటి సన్నం అని విసుక్కున్నప్పుడల్లా నాకు ఆ ఊరు గుర్తొస్తుంది. చేత్తో లాగిన గాజు గొట్టం అంతటా ఒకే లావు రాదు మరి.

ఇప్పుడు మీ లాకెట్. కాబోషన్ అంటే ముఖాలు కొట్టని నున్నటి రాయి, పైన బొర్ర, కింద చదును. అడుగు చదునుగా ఉంది కదా, జిగురు గట్టిగా పట్టుకుంటుంది అనిపిస్తుంది. అదే మోసం. నున్నగా పాలిష్ పట్టిన రాయికీ, ఫెల్ట్ గుడ్డకీ మధ్య ఏ జిగురూ ఏళ్ళ తరబడి నిలవదు. చెమట, ఎండ, హ్యాండ్‌బ్యాగులో వంగడం, ఇవన్నీ ఉంటాయి.

మీ మూడో ఫొటో పైనుంచి తీశారు, అందులో అంతా బాగానే ఉంది. నాకు పనికొచ్చింది నాలుగోది, పక్క నుంచి తీసినది. మీ రాయి అంచు నిట్టనిలువుగా సుమారు మూడు మి.మీ. లేచి, ఆ తర్వాత బొర్ర మొదలవుతోంది. మీ పూసల గోడ రెండు మి.మీ. దగ్గరే ఆగిపోయింది. అంటే గోడ రాయి పక్కన నిలబడింది గానీ రాయి మీదకి వంగలేదు. గిన్నెలో గుడ్డు పెడితే ఎలా పైకి తీసేయొచ్చో, అలా మీ రాయి కూడా పైకి వచ్చేసింది. రాయిని కొనగానే పక్కనుంచి చూడటం అలవాటు చేసుకోండి. అంచు నిలువుగా ఉంటే గోడ ఆ నిలువు దాటి భుజం మీదకి ఎక్కాలి. అంచు కత్తిలా పల్చగా ఉండి వెంటనే బొర్ర మొదలైతే మొదటి వరస, దాని మీద ఒక వరస 15/0 చాలు. అన్నిటికీ ఒకే లెక్క అని ఎవరైనా చెప్తే నమ్మకండి.

కుట్టే పద్ధతి మీకు చేతిలో ఉన్నదే. గట్టి ఫెల్ట్ మీద రాయి పెట్టి, అడుగున మధ్యలో మాత్రం జిగురు, అంచు చుట్టూ మూడు మి.మీ. ఖాళీ వదలండి. అంచుదాకా రాస్తే తర్వాత సూది జిగురులో ఇరుక్కుని విరుగుతుంది. ఈ జిగురు పని ఒక్కటే, కుట్టేటప్పుడు రాయి కదలకుండా ఉండటం. ఆరాక రాయికి ఆనించి 11/0 పూసలు బ్యాక్ స్టిచ్‌తో వేయండి. రెండేసి పూసలు ఎక్కించి, సూది కిందికి దింపి, రెండు పూసలు వెనక్కి వచ్చి, మళ్ళీ వాటిలోంచి ముందుకి. నాలుగేసి వేస్తే పని త్వరగా అవుతుంది కానీ వంపుల దగ్గర వరస రాయికి దూరంగా జరుగుతుంది. చుట్టూ వచ్చాక లెక్క సరి సంఖ్య ఉండాలి. చివర్లో ఒక పూసకి చోటు ఎక్కువై, రెండింటికి తక్కువైతే సన్నటి పూసలు ఏరి రెండు పట్టించండి. షుగర్ బీడ్స్ ఇలాంటప్పుడు దేవుడిలా అక్కరకొస్తాయి. దాని మీద పెయోటీతో ఒకటి రెండు వరసలు 11/0, ఆ పైన 15/0తో బిగించడం. ప్రతి వరసకీ పక్కనుంచి చూడండి. గోడ ఎక్కువైనా నష్టమే, రాయి ముఖం మూసుకుపోతుంది.

లాబ్రడోరైట్ విషయంలో ఇంకోటి ఉంది, ఇది చాలామంది చెప్పరు. ఆ నీలం మెరుపు అన్ని వైపుల నుంచీ కనపడదు. రాయిని టేబుల్ మీద పడుకోబెట్టి చూసి అతికిస్తే, మెడలో నిలువుగా వేలాడినప్పుడు బూడిదరంగు గులకరాయిలా ఉండొచ్చు. అతికించే ముందు కిటికీ దగ్గరికెళ్ళి, రాయిని గుండెల దగ్గర నిలువుగా పట్టుకుని, గడియారం ముల్లులా నెమ్మదిగా తిప్పుతూ అద్దంలో చూడండి. ఒకచోట నెమలికంఠం రంగు ఒక్కసారిగా వెలుగుతుంది. ఆ పైవైపున స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టుకోండి. మీ లాకెట్ మళ్ళీ కుట్టేటప్పుడు ఇది తప్పకుండా చేయండి, మీ ఫొటోలో మెరుపు పక్కకి తిరిగి ఉందని నా అనుమానం.

జిగురు అడిగారు కదా, చెప్పకుండా ఎందుకు వదలడం. ఈ-6000 గానీ, బి-7000 గానీ వాడండి, ఆరాక కాస్త సాగుతాయి. పైకి గంటలో ఆరినట్టు కనిపించినా పూర్తిగా గట్టిపడటానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. వాసన ఘాటు, కిటికీలు తీసి పెట్టుకోండి, చిన్నపిల్లలున్న గదిలో వద్దు. సూపర్ గ్లూ అసలే వద్దు, దాని కథ పైన చెప్పాను. వెనక అద్దంలా పూత ఉన్న రాళ్ళకి మరీ వద్దు, పూత మచ్చలు పడుతుంది. తెల్ల ఫెవికాల్ కాగితానికి బావుంటుంది, చెమటకి మెత్తబడుతుంది.

దారం గురించి మీరు అడగలేదు కానీ దిద్దుల్లో ఒకటి తెగిందని రాశారు. మీరు వాడింది పారదర్శకంగా ఉండే నైలాన్ తీగ. అది సాగుతుంది, ముడి జారుతుంది, కొన్నాళ్ళకి పెళుసుబారుతుంది. దండలు గుచ్చడానికే అంతంత మాత్రం. నేను ఫైర్‌లైన్ 6 పౌండ్ల రకం వాడతాను. అది అసలు చేపలు పట్టే దారం, అల్లికతో ఉంటుంది, సాగదు. బూడిదరంగుది లేత పూసల మీద మసి అంటిస్తుంది, ముత్యాలకీ తెల్ల పూసలకీ తెల్లది తీసుకోండి. కత్తిరించడానికి పాత కత్తెర వాడండి, మంచి కత్తెర మొద్దుబారి నాకు ఒకటి పోయింది. సూది 10వ నంబరుది, 15/0 పూసలకైతే 12వ నంబరుది. మగ్గం సూది దీనికి పనికిరాదు. ముగించేటప్పుడు కొసని కొవ్వొత్తితో కాల్చకండి. రెండు మూడు చోట్ల సగం ముడులు వేస్తూ వెనక్కి నాలుగైదు పూసల్లోంచి నడిపించి కత్తిరించండి. ఇంకోటి, రెండు కొసలా సన్నగా ఉండే బైకోన్ క్రిస్టల్స్, గొట్టం పూసలు అంచుల్లో గాజు ముక్కలా కోస్తాయి. వాటికి రెండు వైపులా ఒక్కో 15/0 పూస కాపలా పెడితే దారం బతుకుతుంది.

రాళ్ళు కొనేటప్పుడు మోసాల గురించి. మార్కెట్లో "ఒరిజినల్ స్వరోవ్‌స్కీ" అని అమ్మే విడి రాళ్ళ మీద ఆశ పెట్టుకోకండి. 1895 నుంచి ఆస్ట్రియాలోని వాటెన్స్‌లో రాళ్ళు కోస్తున్న ఆ కంపెనీ, మనలాంటి చేతిపని వాళ్ళకి విడి రాళ్ళు అమ్మడం ఆపేస్తామని 2020లోనే చెప్పేసింది. ఇప్పుడు ఎవరైనా కట్టలకొద్దీ తక్కువకి ఇస్తున్నారంటే అది పాత స్టాకో, చైనా రాయో అయి ఉంటుంది. చైనా రాయి చెడ్డదని కాదు, నేనూ వాడతాను, కస్టమర్‌కి ఆ మాట చెప్పి అమ్ముతాను. కాకపోతే 14 అని రాసినది 13.7 ఉంటుంది, 14.3 ఉంటుంది. డిజిటల్ కాలిపర్ (మి.మీ.ల్లో కొలిచే పరికరం) ఒకటి కొనుక్కోండి, దిద్దుల జతకి సరిపోయే రెండు రాళ్ళు ఏరుకోవచ్చు. మంచివి కావాలంటే చెక్ దేశపు ప్రెసియోసా చూడండి.

టర్కాయిస్ అని చవగ్గా ఇచ్చేవి చాలావరకు హౌలైట్ అనే తెల్లరాయికి నీలం రంగు వేసినవి. నెయిల్ పాలిష్ రిమూవర్‌లో ముంచిన దూదితో రాయి అడుగున రుద్దండి, దూది నీలంగా మారితే సంగతి తెలిసిపోతుంది. మాలకైట్ కొంటే జాగ్రత్త, అది మెత్తటి రాయి. కాఠిన్యం పదికి 3.5 నుంచి 4 మధ్య, మీ సూది మొన తగిలినా గీత పడుతుంది. మొదలుపెట్టేవాళ్ళకి అగేట్, జాస్పర్ మంచివి, 7కి అటూ ఇటూ ఉంటాయి, చెయ్యి జారినా ఏమీ కాదు.

పూసల రంగు కూడా పరీక్షించండి. బంగారు వెండి రంగుల్లో మెరిసే మెటాలిక్ పూసలు కొన్ని చెమటకి నెలలో తెల్లబోతాయి. ఓ పది పూసలు దారానికి గుచ్చి, సగం కాగితంలో చుట్టి, మిగతా సగం ఎండ తగిలేలా కిటికీ ఊచకి వారం రోజులు కట్టండి. ఇంకో పది పూసలు చేతికి దారంలా కట్టుకుని వంట చేసుకోండి. మన వేసవిలో అంతకంటే పెద్ద పరీక్ష లేదు. మియుకీలో డ్యూరాకోట్ అని రాసినవి కాస్త నయం.

వెనక వైపు రెక్సిన్ వేశారు. అది కొన్నాళ్ళకి పొరలుగా రాలుతుంది. మెత్తటి తోలులా ఉండే అల్ట్రాస్వీడ్ గుడ్డ గానీ, పల్చటి మెత్తని తోలు గానీ వేయండి. లాకెట్ పెద్దదైతే ఫెల్ట్‌కీ దీనికీ మధ్య పాత విజిటింగ్ కార్డు ముక్కో, ప్లాస్టిక్ డబ్బా మూత ముక్కో, అంచుకంటే రెండు మి.మీ. చిన్నగా కత్తిరించి పెడితే వంగదు. దిద్దు శీలని వెనక గుడ్డలోంచి ముందే గుచ్చి తీసి ఆ తర్వాత అతికించండి. పైన అతికించిన శీల ఊడటం ఖాయం. చుట్టూ అంచు బ్రిక్ స్టిచ్‌తో, అంటే ఇటుకలు పేర్చినట్టు పూసలు వేసే కుట్టుతో, రెండు పొరల్నీ కలిపి కుట్టాలి. ఇక్కడ కూడా జిగురు మీద ఆధారపడకండి.

ధర విషయం కూడా అడిగారు, కానీ అది వేరే పెద్ద కథ. ఒక్కటే చెప్తాను. రివోలీ దిద్దుల జతకి నాకు ఇప్పటికీ మూడు గంటల పైనే పడుతుంది. మగ్గంలో మీరు గంటకి ఎంత లెక్క వేసుకుంటారో ఇక్కడా అంతే వేసుకోండి. "పూసలే కదా" అనేవాళ్ళకి అమ్మకపోయినా ఫర్వాలేదు. కొన్నవాళ్ళకి మాత్రం సెంటు, స్ప్రే కొట్టుకున్నాకే వేసుకోమనీ, తడి చేయొద్దనీ, తీశాక మెత్తటి గుడ్డతో తుడిచి జిప్ కవర్లో పెట్టమనీ చీటీ రాసివ్వండి. రివోలీ వెనక పూతకి నీళ్ళు తగిలితే నల్లబడుతుంది, దాన్ని బాగుచేయడం కుదరదు.

ఆ లాకెట్ విప్పేటప్పుడు పూసల దారం కత్తిరించి, రాయిని మెల్లగా తీసి, అడుగున ఉన్న పాత జిగురుని గోటితో గీకేయండి. లాబ్రడోరైట్ దెబ్బ తగిలితే పొరలుగా చీలుతుంది, కాబట్టి చాకుతో పొడవొద్దు. ఈసారి అడుగున జిగురు రాయకుండానే గోడ కట్టి, ఒకసారి తలకిందులు చేసి ఊపి చూడండి. ఫొటో పెడితే ఈసారి పక్కనుంచి తీసినది పెట్టండి, పైనుంచి వద్దు.